మెరుగుకు తరుగెంత?

వాన వెలిసిందంటే మనకు సంతోషం. కొండమీద స్వామి వెలిశాడంటే మరీ సంతోషం. కాని చీర రంగు వెలిసిందంటే మాత్రం ఇల్లాలి ముఖం చిన్నబోతుంది. ఒకే మాట మన వాడుకలో ఇన్ని విధాల పనిచేస్తున్నది. వెలిసిన చీరకైతే ఏదో ఒక దారి వున్నది. పాతబట్టలు తీసుకొని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలోకి వచ్చినప్పుడు బేరమాడుకోవచ్చు. ఇంటిముందు నిలబెట్టిన కారు రంగు వెలిస్తే ఏం చేయాలి?

ఈ ప్రశ్న ఇవాళ చాలా ఇళ్ళలో వున్నది. కారు కొన్ననాడు కొబ్బరికాయ కొట్టి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి మరీ ఇంటికి తీసుకువస్తాము. అయితే తీసుకువచ్చిన కారును నీడన పెట్టే చోటు అందరికీ వుండదు. పది పన్నెండేళ్ళు వీధిలో ఎండకు ఎండి, వానకు తడిసిన తరవాత చూస్తే ఇంజను బాగానే వుంటుంది, టైర్లు బాగానే వుంటాయి. బానెట్టూ పైకప్పూ మాత్రం సున్నం పూసినట్టు పాలిపోయి వుంటాయి. చూసిన ప్రతివారూ "ఇంకా అమ్మలేదా?" అని అడుగుతారు. రంగులు వేసే షాపుకు తీసుకుపోతే, "అంతా గీకి కొత్త రంగు కొట్టాలి సార్" అని వేలల్లో లెక్క చెబుతారు.

తొందరపడనక్కరలేదు. ఇట్లా వెలిసిన కార్లలో చాలావాటికి కొత్త రంగు అక్కరలేదు. అసలు రంగు అడుగున భద్రంగానే వుంటుంది. పైన చచ్చిన పొర ఒకటి దాన్ని కప్పివుంటుంది. కరెంటుతో తిరిగే పాలిషింగ్ మిషనుతో ఆ పొరను తీసివేస్తే కారు మళ్ళీ కళకళలాడుతుంది.

అయితే ఒక సంగతి మొదటే మనసులో పెట్టుకోవాలి. పాలిష్ చేయడమంటే ఏదో పూయడమని చాలామంది అనుకుంటారు. అది పూయడం కాదు, తీయడం. కంసాలి చేత నగకు మెరుగు పెట్టించుకునేవారికి తరుగు సంగతి వేరే చెప్పనక్కరలేదు. కారు విషయంలోనూ అంతే. మెరుగు వున్నచోటల్లా తరుగు వున్నది. కాకపోతే కంసాలి తన తరుగును తూచి చెబుతాడు. కారు తరుగును తూచేవారు లేరు. తూచకపోవడం వల్లనే చాలా కార్లు బాగుపడబోయి చెడిపోతున్నాయి.

రెండు వెంట్రుకల మందం

కారు మీది రంగు ఎంత మందం వుంటుందనుకుంటున్నారు?

ఫ్యాక్టరీలో ఉక్కు రేకును శుభ్రపరచి, ఫాస్ఫేటు పూత ఇచ్చి, కారు గూడు మొత్తాన్ని ఒక తొట్టిలో ముంచి విద్యుత్తు సాయంతో మొదటి పొరను అంటిస్తారు. తుప్పును ఆపేది ఇదే. దానిమీద ప్రైమరు, దానిమీద రంగు, ఆ రంగుమీద అద్దంలాగా పారదర్శకంగా వుండే మరొక పొర. ఈ చివరి పొరనే క్లియర్ కోట్ అంటారు. మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక మైక్రాను. ఈ నాలుగు పొరలూ కలిపితే సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు. మన తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు వుంటుంది. అంటే రెండు వెంట్రుకలు ఒకదానిమీద ఒకటి పెడితే ఎంతో, కారు అందమంతా అంతే! అందులో మనం ముట్టుకోదగిన క్లియర్ కోట్ 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. వార్తాపత్రిక కాగితం ఇంతకంటె మందంగా వుంటుంది.

ఈ క్లియర్ కోట్ మొదటినుంచీ వున్నది కాదు. తొలినాటి కార్లకు గుర్రబ్బండ్లకు పూసినట్టే కుంచెలతో వార్నిషు రంగులు పూసి, వారాల తరబడి ఆరబెట్టేవారు. 1923లో అమెరికాలో డూపాంట్, జనరల్ మోటార్స్ సంస్థలు కలిసి తెచ్చిన డ్యూకో అనే లాకరు ఈ అవస్థను తప్పించింది. అది గంటల్లో ఆరిపోయేది. కాని దానికొక గుణం వుండేది: ఆరిన తరవాత రుద్దితేగాని మెరిసేది కాదు. అందుచేత కారు రంగుకూ రాపిడికీ స్నేహం ఈనాటిది కాదు. మన రోడ్లమీద అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు రాజ్యమేలిన కాలంలో కూడా రంగే పైపొర. పద్మిని తయారీ 2000 ప్రాంతంలోను, అంబాసిడర్ తయారీ 2014లోను ఆగిపోయాయి. 1980 తరవాత క్లియర్ కోట్ పద్ధతి క్రమంగా లోకమంతా వ్యాపించింది. మెరుపు రేణువులు కలిసిన మెటాలిక్ రంగులకు అది తప్పనిసరి. తెలుపు, ఎరుపు వంటి సాదా రంగుల్లో మాత్రం క్లియర్ కోట్ లేకుండా ఒకే పొరగా వేసిన కార్లు మన దేశంలో చాలాకాలం వచ్చాయి. మీ కారు ఏ జాతిదో తెలుసుకోవటం అవసరం. అది తెలుసుకునే ఉపాయం తరవాత చెబుతాను.

ఎండ చేసే పని

రంగులో ముఖ్యంగా రెండు వస్తువులుంటాయి. ఒకటి రంగునిచ్చే పొడి. రెండవది ఆ పొడిని రేకుకు పట్టివుంచే జిగురు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ జిగురు అణువుల బంధాలను తెంచుతాయి. గాలిలోని ఆక్సిజను ఆ తెగినచోట చేరి పనిని పూర్తిచేస్తుంది. జిగురు చచ్చిపోగానే పొడి విడివడి పైకి తేలుతుంది. అందుకే వెలిసిన కారుమీద వేలు పెట్టి రాస్తే సుద్దముక్క పట్టుకున్నట్టు వేలికి పొడి అంటుకుంటుంది.

మరి రంగు పాలిపోయినట్టు కనిపించటమెందుకు? నునుపైన తలంమీద పడిన వెలుతురు ఒకే దిక్కుకు తిరిగిపోతుంది. అప్పుడు అద్దంలో చూసినట్టు మన ముఖం మనకు కనబడుతుంది. గరుకైన తలంమీద పడిన వెలుతురు నలుదిక్కులకూ చెదరిపోతుంది. అప్పుడు అంతా తెల్లగా, మసకగా కనిపిస్తుంది. స్నానాల గది కిటికీకి వేసే మసక అద్దం సంగతి చూడండి. అదీ అద్దమే. దానిమీద నీళ్ళు పడితే ఆ గరుకుతనం నిండి, పడినంతమేర అవతలి వస్తువు కనబడుతుంది. కారు విషయంలో కూడా పోయింది రంగు కాదు, నునుపు.

అన్ని రంగులూ ఒకే తీరుగా వెలియవు. ఎరుపు త్వరగా వెలుస్తుంది. దానిలోని సేంద్రియ వర్ణకాలు ఎండకు తొందరగా విరుగుతాయి. తెలుపు వెలిసినట్టు తెలియదుగాని, సుద్దపొడి రాల్చడంలో అదీ తక్కువది కాదు. నలుపు వేడిని ఎక్కువగా తాగుతుంది. చిన్న గీతను కూడా దాచుకోలేదు. ఎండ నిటారుగా పడే పైకప్పూ బానెట్టూ ముందు పోతాయి. తలుపులు ఆ తరవాత.

ఎండ ఒక్కటే శత్రువు అనుకోకండి. మన గుంటూరు, పల్నాడు, నల్లగొండ ప్రాంతాల బోరునీళ్ళతో కడిగి తుడవకుండా వదిలేస్తే, నీరు ఆరిపోయి అందులోని సున్నం మచ్చలై కూర్చుంటుంది. పక్షుల రెట్టలోని ఆమ్లం ఎండకు మెత్తబడిన రంగును కొరుక్కుతింటుంది. వీటన్నిటినీ మించినది తెల్లవారగానే మనం చేయించే సేవ. ఒక కుర్రవాడు వస్తాడు. ఒక బకెట్టు, ఒక గుడ్డ. వీధిలోని పది కార్లకూ అదే. దుమ్మును పొడిగుడ్డతో తుడుస్తాడు. దుమ్ములో వున్నది ఇసుకరేణువు. అది కారు రంగుకన్నా ఎన్నో రెట్లు గట్టిది. రోజూ ఉప్పుకాగితంతో రుద్దినట్టే అవుతుంది. ఎండలో నిలబడి చూస్తే సూర్యబింబం చుట్టూ సాలెగూడులాగా సన్నని గీతలు కనబడతాయి. అవి నిజంగా గుండ్రటి గీతలు కావు. అన్ని దిక్కులకూ పోయిన గీతల్లో వెలుతురుకు అడ్డంగా వున్నవే మెరుస్తాయి గనుక మనకు గుండ్రంగా తోస్తాయి.

వైద్యానికి ముందు నాడి చూడాలి

మా కళాశాలలో ఒక మిత్రుడున్నాడు. ఆయన దగ్గర 2007 నాటి ఎర్ర మారుతి 800 వున్నది. తండ్రిగారు బడిపంతులుగా పదవీ విరమణ చేసి, ఆ డబ్బుతో కొన్న బండి. పెద్దాయన గతించారు. 2022లో పదిహేనేళ్ళ రిజిస్ట్రేషను గడువు తీరింది. మరో అయిదేళ్ళకు పొడిగించుకోవచ్చునుగాని, బండి చూస్తే పైకప్పంతా గులాబిరంగుకు తిరిగింది. అమ్మివేయమని ఇంట్లోవారు, అమ్మలేనని ఆయన. రంగుల షాపువారు చెప్పిన ధర బండి ధరతో పోటీపడింది. చివరకు విజయవాడ ఆటోనగర్‌లో పాలిష్ పనిలో చేయి తిరిగిన ఒక మేస్త్రీ వున్నాడని తెలిసి, ఇద్దరం కలిసి తీసుకువెళ్ళాము.

మేస్త్రీ మిషను జోలికే పోలేదు. ముందు చెంబుతో నీళ్ళు తెచ్చి బానెట్టుమీద పోశాడు. నీళ్ళు పడినంతమేరా ఎర్రటి ఎరుపు మందారంలాగా పైకి వచ్చింది. "బతికే వుంది మాష్టారూ" అన్నాడు.

అది మొదటి పరీక్ష. తడిపితే రంగు లేచి వస్తే పాలిష్‌కు లొంగుతుంది. తడిపినా మచ్చలు మచ్చలుగా తెల్లగానే వుంటే, లేదా వుల్లిపొరలాగా పైపొర ఊడుతూ వుంటే క్లియర్ కోట్ చచ్చిపోయిందన్నమాట. దానికి ఏ పాలిష్ పనికిరాదు, రంగు వేయించడమే.

రెండవ పరీక్ష గుడ్డది. కనబడని మూల తెల్లగుడ్డతో కాస్త పాలిష్ పెట్టి రుద్దాడు. గుడ్డకు ఎరుపు అంటుకున్నది. అంటే క్లియర్ కోట్ లేదు, రంగే పైపొర. అంటకపోతే పైన క్లియర్ కోట్ వున్నదని గుర్తు. క్లియర్ కోట్ వున్న కారుకు పాలిష్ చేస్తూ వుండగా గుడ్డకు రంగు అంటిందా, వెంటనే ఆపివేయాలి, పైపొర దాటిపోయామన్నమాట.

మూడవది గోటి పరీక్ష. గీతకు అడ్డంగా గోరు జరిపితే గోరు తగులుకోకుండా పోయే గీతలు పాలిష్‌కు పోతాయి. గోరు తగులుకున్నదంటే ఆ గీత లోతైనది. అది పూర్తిగా పోవాలంటే చుట్టూ వున్న రంగునంతా ఆ లోతుకు దించాలి. అది తెలివైన పని కాదు.

రంగు మందాన్ని కొలిచే చిన్న పరికరం కూడా వున్నది. రేకుమీద ఆనిస్తే మైక్రాన్లలో చెబుతుంది. ఒకచోట మామూలుకు రెండు మూడింతలు చూపిందంటే అక్కడ లప్పం పెట్టి తిరిగి రంగు వేశారన్నమాట. పాత కారు కొనేవారికి కూడా ఇది పనికివచ్చే విద్య. ప్లాస్టిక్ బంపర్లమీద మాత్రం మామూలు పరికరం పనిచేయదు. దానికి కింద లోహం వుండాలి.

రెండు యంత్రాలు, రెండు స్వభావాలు

పాలిషింగ్ మిషన్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది రోటరీ. కుమ్మరిసారెలాగా ఒకే ఇరుసుమీద తిరుగుతుంది. నిమిషానికి 600 నుంచి 3,000 చుట్ల వరకు వేగం పెట్టుకోవచ్చు. పని వేగంగా చేస్తుంది. వేడినీ అంత వేగంగా పుట్టిస్తుంది. ఒకేచోట రెండు క్షణాలు ఎక్కువ నిలిపితే రంగు కాలిపోతుంది. చేయి తిరిగినవాడి చేతిలో దీనికి సాటి లేదు; తిరగనివాడి చేతిలో ఇంత చేటు మరొకటి లేదు.

రెండవది డ్యూయల్ యాక్షన్. ఇది భూమిలాంటిది, తనచుట్టూ తాను తిరుగుతూ, మరొక చిన్న వలయంలో కూడా తిరుగుతుంది. అందువల్ల ప్యాడ్ ఒకే దారిలో మళ్ళీమళ్ళీ రాయదు. వేడి తక్కువ, వలయాల గుర్తులు మిగలవు. గట్టిగా అదిమితే తిరగడం మానేసి కంపిస్తుంది, అంతే. కొత్తవారు పట్టవలసింది దీన్నే. ప్యాడ్ వెనకపళ్ళెంమీద మార్కరుతో ఒక గీత గీసుకుంటే, అది తిరుగుతున్నదో ఆగిపోయిందో కంటికి తెలుస్తుంది.

యంత్రానికి తొడిగే ప్యాడ్లలో ఉన్నిది చాలా కోస్తుంది. స్పాంజివి గట్టివి, మెత్తవి వేర్వేరుగా వుంటాయి. రాసే మందులోనూ రెండు మెట్లు: గరుకైన రబ్బింగ్ కాంపౌండు, నునుపైన పాలిష్. రెండింటిలోనూ వున్నవి అల్యూమినియం ఆక్సైడ్ వంటి గట్టి రేణువులే, పరిమాణంలోనే తేడా. వంటింట్లో మాడిన గిన్నెకూ, పూజగదిలో వెండి కుందికీ ఒకే పీచు వాడము గదా! ఇక్కడా అంతే.

పని వరస

ఆ ఎర్రబండికి మేస్త్రీ చేసిన వరసలోనే చెబుతాను.

ముందు రెండు బకెట్లు పెట్టాడు. ఒకదానిలో షాంపూ నీరు, రెండవదానిలో మంచినీరు. మురికిగుడ్డను మంచినీటిలో జాడించిన తరవాతే మళ్ళీ షాంపూలో ముంచాడు. ఇసుక ఒక్క రేణువు మిగిలినా తరవాత ప్యాడ్ కింద అది నాగలిలాగా దున్నుతుంది. కడిగిన తరవాత చేత్తో తడిమితే గరుకుగా తగిలే తారు చుక్కలను, ఇనప ధూళిని బంకమట్టి ముద్దలాంటి 'క్లే'తో జారుడు ద్రవం చల్లుతూ తీశాడు. తరవాత బండిని ఎండ తగలని షెడ్డులోకి నెట్టించి రేకు చల్లబడేదాకా ఆగాడు. వేడి రేకుమీద మందు వెంటనే ఎండిపోయి పెచ్చులు కడుతుంది.

తరవాత కాగితం టేపు పట్టి రబ్బరు బీడింగులకు, నల్ల ప్లాస్టిక్ భాగాలకు, తలుపుల అంచులకు, బానెట్టుమీద మడతలకు అంటించాడు. అంచులకెందుకని అడిగితే, "అక్కడ రంగు పలచన మాష్టారూ, మిషను బరువంతా అక్కడే పడుతుంది" అన్నాడు. ఈ ఒక్క మాట తెలియక మా పక్కవీధిలో ఒక నల్లకారుకు జరిగిన శాస్తి నేను కళ్ళారా చూశాను. మిట్టమధ్యాహ్నం, ఎండలో, ఉన్నిప్యాడ్ తొడిగిన రోటరీతో ఒక షాపువారు పావుగంటలో బానెట్టు ముగించారు. మెరుపు వచ్చింది, నిజమే. బానెట్టు మడత పొడుగునా ప్రైమరు కూడా బయటికి వచ్చింది. కొండనాలుకకు మందువేస్తే వున్న నాలుక ఊడినట్టయింది.

మా మేస్త్రీ మొదట బండంతా పాలిష్ చేయలేదు. బానెట్టుమీద రెండడుగుల చదరం టేపుతో గుర్తుపెట్టి, అక్కడ మాత్రమే మెత్తని ప్యాడ్‌తో, నునుపైన పాలిష్‌తో మొదలుపెట్టాడు. చాలలేదు. అప్పుడు ఒక మెట్టు పైకి వెళ్ళాడు. ఏ మెట్టు దగ్గర పని జరిగిందో అక్కడ ఆగాడు. ఇది మొత్తం విద్యకు ప్రాణం. మొదటే గట్టి మందు పట్టేవాడికి తక్కువతో పని అయ్యేదేమో ఎన్నటికీ తెలియదు.

ప్యాడ్‌మీద శనగగింజంత చుక్కలు నాలుగైదు వేసి, మిషను ఆన్ చేయకుండానే రేకుమీద అద్దాడు. ఆన్ చేసి గాలిలో పెడితే చుక్కలు గోడలకెక్కుతాయి. మొదటి మెట్టు వేగంలో పరిచి, తరవాత నాలుగయిదు మెట్లకు పెంచి, సెకనుకు అంగుళం చొప్పున నెమ్మదిగా జరిపాడు. ముందు నిలువు వరసలు, తరవాత అడ్డవరసలు. ప్రతి వరసా ముందు వరసలో సగాన్ని కలుపుకుంటూ, పొలంలో సాళ్ళలాగా. ప్యాడ్ ఎప్పుడూ పళ్ళెంలాగా సమంగా ఆనివుండాలి. ఒక పక్కకు వాలితే ఆ అంచు కోస్తుంది. మధ్యమధ్య చేయి వెనకవైపుతో రేకును తాకి చూశాడు. వెచ్చన పరవాలేదు, చురుక్కుమంటే ఆపవలసిందే. ప్లాస్టిక్ బంపరు దగ్గర వేగం ఇంకా తగ్గించాడు. రేకు వేడిని పక్కకు పంచుకుంటుంది, ప్లాస్టిక్ పంచుకోలేదు.

ప్యాడ్ ఎర్రబడింది. ఒకే పొర రంగు గనుక అది సహజమే. కాని ప్రతి చదరానికీ ప్యాడ్‌ను బ్రష్షుతో శుభ్రంచేశాడు. చచ్చిన రంగుతో నిండిన ప్యాడ్ మెరుగు పెట్టదు, మసి పూస్తుంది. ఒక చదరం కాగానే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, టార్చిలైటును ఏటవాలుగా వేసి చూసుకున్నాడు. ముక్కుకు గుడ్డ, కళ్ళకు అద్దాలు, తీగ భుజంమీదుగా వెనక్కి. పాతకాలపు రంగుల్లో సీసం కూడా వుండేది. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంట్లో స్వయంగా చేసుకునేవారు పిల్లలను దూరంగా వుంచాలి.

పొద్దున మొదలుపెట్టిన పని సాయంత్రానికి ముగిసింది. గులాబిరంగు పైకప్పు మళ్ళీ ఎర్రబడి, షెడ్డు రేకులు అందులో కనబడ్డాయి.

పైన పటారం, లోన లొటారం

ఇక్కడ ఒక మోసం గురించి చెప్పాలి. కొన్ని పాలిష్‌లలో నూనెలు, మైనం వంటి పూరకాలు వుంటాయి. అవి గీతలను తీయవు, పూడుస్తాయి. ఆ రోజుకు కారు అద్దమే. నాలుగుసార్లు కడిగేసరికి గీతలన్నీ మళ్ళీ ప్రత్యక్షం. నిజం తెలుసుకోవాలంటే పాలిష్ కాగానే నీళ్ళు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలును గుడ్డమీద తీసుకొని తుడిచి చూడాలి. పూరకాలు పోతాయి, మిగిలినదే అసలు మెరుగు. పని తెలిసిన మేస్త్రీ ఈ పరీక్షకు భయపడడు.

పసుపుబారిన హెడ్‌లైట్ల కథ కూడా ఇదే. అవి గాజువి కావు, పాలికార్బొనేటు. ఎండకు వాటి పైపూత చెడుతుంది. రుద్దితే తేటపడతాయి. కాని రక్షణ పూత కూడా పోతుంది గనుక, ఎండను ఆపే పూత తిరిగి వేయకపోతే కొద్ది నెలల్లోనే మళ్ళీ కామెర్లు వస్తాయి.

తరుగు లెక్క

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాము. గట్టి కాంపౌండుతో ఒకసారి రుద్దితే రెండు మూడు మైక్రాన్లు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ పోతాయి. నునుపైన పాలిష్‌తో మైక్రాను అటూయిటూ. ఎండను అడ్డుకునే రసాయనాలు క్లియర్ కోట్‌లోనే వుంటాయి. మొత్తం జీవితకాలంలో ఏడెనిమిది మైక్రాన్లకు మించి తీస్తే ఆ కవచం బలహీనపడుతుందని ఈ పని తెలిసినవారు చెబుతారు.

సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ "రబ్బింగ్ పాలిష్ కూడా చేయమంటారా సార్?" అని అడుగుతారు. మనం కూడా బిల్లులో మరో వెయ్యి పోతే పోయిందని తల వూపుతాము. ఏడాదికొకసారి మూడు మైక్రాన్ల చొప్పున అయిదేళ్ళు వేసుకోండి: పదిహేను. నలభై మైక్రాన్ల కవచంలో మూడోవంతు పైగా పోయింది. కారు ప్రతి ఏడూ మెరిసింది. ప్రతి ఏడూ చావుకు దగ్గరయింది. ఆరో ఏడు ఎండలు ముదరగానే పైపొర పొలుసులు కడితే, "కంపెనీ రంగు మంచిది కాదు" అంటాము! మెరుగు మన డబ్బుతోనే కొన్నాము. తరుగు కూడా మన డబ్బుతోనే కొన్నాము.

అందుచేత గట్టి పాలిష్ అన్నది మందు, తిండి కాదు. రోగం వున్నప్పుడు ఒకసారి, చాలినంత. ఆ తరవాత చేయవలసింది కాపాడుకోవడం. పాలిష్ అయిన రంగు బట్టలు విప్పిన పసిబిడ్డలాంటిది, వెంటనే కప్పాలి. బ్రెజిల్ తాటిజాతి చెట్టు ఆకులనుంచి తీసే కార్నోబా మైనం మంచి కళ ఇస్తుందిగాని, మన ఎండలకు రెండు మూడు నెలలు ఆగితే గొప్ప. సీలెంట్లు అనే కృత్రిమ పూతలు మరికొంతకాలం వుంటాయి. సిరామిక్ పూతలు ఏళ్ళు వస్తాయి. కాని కింద గీత వుంటే గీతను కూడా అంతకాలమూ అట్లాగే భద్రపరుస్తాయి. కాబట్టి ముందు మెరుగు, తరవాత పూత.

వీటన్నిటికంటె చవకైన మందులు మూడున్నాయి. నీడన పెట్టడం ఒకటి. పొడిగుడ్డతో తుడవకుండా నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో తడి అద్దడం రెండు. పక్షిరెట్టను కనబడిన పూటే తడిపి తీయడం మూడు. దుమ్ముపట్టిన కారుమీద గుడ్డ తొడుగు వేయడం కూడా మంచిది కాదు. గాలికి ఆ తొడుగు కదిలి దుమ్ముతో రుద్దుతుంది.

మిత్రుడి బండికి రిజిస్ట్రేషను పొడిగింపు దొరికింది. ఆ ఎర్రబండి ఇప్పటికీ కళాశాలకు వస్తున్నది. డ్రైవరు వైపు తలుపుకు తాళంచెవి పెట్టే రంధ్రం చుట్టూ మాత్రం కొన్ని గీతలు అట్లాగే వున్నాయి. పెద్దాయనకు చివరి రోజుల్లో చేయి వణికేది. తాళంచెవి సూటిగా పడేది కాదు. మేస్త్రీ వాటిమీద గోరు జరిపి చూసి, తల అడ్డంగా వూపాడు. "ఇవి పోవాలంటే కింద వున్నదంతా పోవాలి మాష్టారూ. వుండనివ్వండి" అన్నాడు. మా మిత్రుడు వెంటనే ఒప్పుకున్నాడు.

మిషను ఆన్ చేయడం ఎవరికైనా వస్తుంది. ఎక్కడ ఆపాలో తెలిసినవాడి చేతికే మీ కారు అప్పగించండి. పని మొదలుపెట్టేముందు, "ఎంత మెరుస్తుంది?" అని కాదు, "ఎంత పోతుంది?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాడే పని తెలిసినవాడు.